తిరువూరు వంటల పుస్తకం, పదిహేడో పేజీ

ఆ శనివారం నాకు ఉపవాసం లేదు.

ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. రోజూ తిన్నవీ విన్నవీ అన్నీ రాసుకునే నా 1976 డైరీలో కూడా రాయలేదు. ఆ తేదీ కింద "ఎండ ఎక్కువ. బస్సు ఆలస్యం" అని రెండు ముక్కలు మాత్రం ఉన్నాయి.

తిరువూరు వెళ్ళొచ్చి ఆరు నెలలు దాటింది. "అక్కడ చూడ్డానికి ఏముంది?" అని మా బందరులో చాలామంది అడిగారు. నేను వెళ్ళింది ఊరు చూడటానికి కాదు, ఒక వంటల పుస్తకం కోసం. మహిళా మండళ్ళ వాళ్ళు ఏదైనా మంచి పనికి చందాలు చాలనప్పుడు తలా ఒక వంట చెప్పి, చిన్న పుస్తకం అచ్చువేసి అమ్ముతారు. అటువంటిది నాకు మొదట మా వీధి చివర పాత కాగితాల కొట్లో దొరికింది. ఎవరో ఆసుపత్రికి మంచాలు కొనడానికి వేసినది. అందులో చింతచిగురు పప్పు కింద "మా వారికి కారం పడదు కనుక మిరపకాయలు నాలుగే వేస్తాను, మీరు ఎనిమిది వేసుకోండి" అని ఉంది. కొట్లో అమ్మే పెద్ద వంటల పుస్తకాలలో ఇలాంటి మాట ఎక్కడా కనబడదు. ఆ ఒక్క వాక్యం కోసం ఆ పుస్తకాన్ని ఎన్నిసార్లు చదివానో. అప్పటినుంచి ఊరూరికీ ఉత్తరాలు రాసి తెప్పించుకుంటున్నాను. మనుషులతో మాట్లాడటం నాకు కష్టం, ఉత్తరాలు రాయడం తేలిక. పెట్టెలో పదకొండు చేరాయి. పన్నెండోది మాత్రం ఉత్తరానికి రాలేదు. స్వయంగా వెళ్ళాల్సి వచ్చింది.

బెజవాడ దాటాక

బెజవాడ వరకు అన్నయ్య తోడు వచ్చి, తిరువూరు బస్సు ఎక్కించి వెనక్కి వెళ్ళాడు. పక్క సీట్లో ఒక పెద్దావిడ నిమ్మకాయల బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మైలవరం రాకుండానే నా గురించి అంతా తెలుసుకుంది.

"ఏ ఊరు మీది?"

"బందరండి."

"పెళ్ళయిందా?"

"లేదండి."

"మరి ఒక్కదానివే ఇటెక్కడికి? పరీక్షలా?"

"కాదండి. వంటల పుస్తకం కోసం."

ఆవిడ బుట్ట మీద చేతులు పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది. "పుస్తకం చూసి వండుతావా? ఏం, మీ అమ్మకు చేతుల్లేవా?"

ముందు సీట్లోవాళ్ళు కూడా వెనక్కి తిరిగి నవ్వారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. దిగేటప్పుడు ఆవిడ నా చేతిలో రెండు నిమ్మకాయలు పెట్టి, "మీ అమ్మకియ్యి. పుస్తకం చదివినా, చదవకపోయినా పచ్చడి పడుతుంది" అంది.

మైలవరం దాటితే నేల రంగు మారుతుంది. మా వైపు కళ్ళు ఎటు తిప్పినా వరి మళ్ళు, కాలవలు. ఇక్కడ ఎర్రటి మెట్ట, మధ్య మధ్య మామిడి తోటలు. ఏప్రిల్ కావడంతో కాయలు నిండుగా దిగి ఉన్నాయి. బస్సు ఆగినచోట పచ్చికాయలు రూపాయికి పాతిక ఇస్తున్నారు. బందరులో ఆ రూపాయికి పది కూడా రావు.

తిరువూరు

నేను దిగింది అమ్మ చిన్ననాటి స్నేహితురాలు సుభద్రమ్మ పిన్ని గారింట్లో. అక్కడి మహిళా మండలికి ఆవిడే కార్యదర్శి. నడుముకు తాళాల గుత్తి, నోటినిండా మాట.

"ఏమే భానూ, పిల్ల మాట్లాడదని మీ అమ్మ రాసింది గానీ, ఇంత మాట్లాడదని రాయలేదే!"

కాళ్ళు కడుక్కోగానే జొన్నన్నం, మామిడి ఒరుగులు వేసిన పప్పు, పచ్చిపులుసు పెట్టారు. మా ఇంట్లో జొన్న వండితే ఎవరికో చక్కెర జబ్బు వచ్చిందని అర్థం. ఇక్కడ ఇష్టంగా తింటారు. పులుపుకు మేము చింతపండు ఎలా వాడతామో, వీళ్ళు ఎండబెట్టిన మామిడి ముక్కలు అలా వాడతారు. నేను రెండోసారి వేయించుకున్నాను.

తిన్నాక పిన్ని గారు పుస్తకం కథ చెప్పారు. ఉన్నత పాఠశాలలో ఆడపిల్లల మరుగుదొడ్డికి గోడ లేదు. దానికి డబ్బు కావాలి. అట్ట మీద మరుగుదొడ్డి మాట ఉండకూడదని మగవాళ్ళు పట్టుబట్టారట. అందుకే "విద్యార్థినుల సౌకర్యార్థం" అని వేశారు. వెల ఒక్క రూపాయి. వేసిన కాపీలన్నీ అమ్ముడుపోయాయి. పిన్ని గారి దగ్గర మిగిలిన ఒక్కటీ చెదలు తినేశాయి. ఆవిడ బీరువాలోంచి చేతిరాత నోటుబుక్కు తీసి నా ముందు పెట్టారు. అచ్చుకు ముందు వంటలన్నీ రాసుకున్నది అదే.

ఒక్కో వంట కింద ఐదేసి సంతకాలు ఉన్నాయి.

"ఇవేంటండీ?"

"రుచి చూసినవాళ్ళవి. నోటితో చెబితే ఒప్పుకునేది లేదన్నాం. వండి తేవాలి, ఐదుగురం తినాలి, బాగుంటేనే సంతకం. మా తోడికోడలి చేత కాకరకాయ కారం మూడుసార్లు వండించాం. ఇప్పటికీ నాతో మాటల్లేవు."

నవ్వుతూ పేజీలు తిప్పాను. ఒకచోట సంతకాలు లేవు. మామిడికాయ పాయసం. కింద "మస్తాన్‌బీ" అని పేరు.

"దీనికి ఎవరూ పెట్టలేదేమండీ?"

పిన్ని గారు తాళాల గుత్తి సర్దుకున్నారు. "అది స్టవ్వులు బాగుచేసే ఆయన లేడూ, ఆయన భార్యది. చాలా మంచి మనిషి. అందరికంటే ముందు చందా ఇచ్చింది. ఆమె చెబుతుంటే గుమ్మంలో నిలబడి రాసుకొచ్చా."

"రుచి చూడలేదా?"

"ఎవరు చూస్తారే? వద్దనడానికీ మొహమాటమే, తినడానికీ మొహమాటమే. అచ్చేస్తే పోలా అనుకున్నాం. తీరా పుస్తకం చూసి వండినవాళ్ళంతా మమ్మల్ని తిట్టారు. నోట్లో పెట్టలేని పులుపట. వేసవి దాటాక మళ్ళీ అచ్చు వేస్తున్నాం, గోడ అయింది గానీ తలుపులు కావాలి. ఈసారి ఆ పేజీ తీసేద్దామంటున్నారు. తిన్నవాళ్ళు ఒక్కరైనా సంతకం పెడితే ఉంచుదామని నేను అన్నాను. పెట్టేదెవరు?"

ఆ సాయంత్రం డైరీలో నేను ఇలా రాశాను: "చదువుకున్నవాళ్ళు కూడా ఇంతేనా? నేనైతే తినేదాన్ని." కింద గీత కూడా గీశాను.

నెమలి, పెనుగొలను

పెనుగొలనులో ఒకరి దగ్గర పుస్తకం ఉందని పిన్ని గారికి గుర్తుకొచ్చింది. శుక్రవారం ఆ దారిలోనే నెమలి అనే ఊరు వెళ్ళి వేణుగోపాలస్వామిని చూశాం. ప్రసాదం పులిహోర దొన్నెలో వేడిగా పెట్టారు. నా పెన్ను ఎండకు కారి వేళ్ళన్నీ నీలం అయ్యాయి. కళ్ళకద్దుకున్నప్పుడు ఆ రంగు ముఖానికీ అంటుకుందట. పిన్ని గారు చెప్పలేదు. ఆవిడకు నవ్వు ఆగక పెనుగొలను వరకు కొంగు అడ్డం పెట్టుకునే ఉన్నారు.

పెనుగొలనులో ఆ పుస్తకం ఉన్నావిడ పేరు రాఘవమ్మ. మిరపకాయలు తొడిమలు తీస్తూ కూర్చుంది. లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చి దులిపి ఇచ్చింది. నలభై పేజీలు, పసుపు మరకలు, వెనక అట్ట మీద బట్టల కొట్టు ప్రకటన. నేను అక్కడే నిలబడి తిప్పడం మొదలుపెట్టాను. పదహారు తర్వాత పంతొమ్మిది ఉంది.

"ఇక్కడ ఒక కాగితం లేదండీ."

"చింపి పొయ్యిలో పెట్టాను" అంది, దాచుకోవలసిన సంగతేమీ కాదన్నట్టు. "ఆ మామిడికాయ పాయసం వండి చుట్టాలకు పెట్టానమ్మా. ఆ పులుపుకు మా మామగారి కట్టుడు పళ్ళు కూడా జివ్వుమన్నాయి! ఏడాదిపాటు నన్ను ఆడిపోసుకున్నారు."

కాగితం వెనక పద్దెనిమిదో పేజీలో ఉన్న కందిపొడి ఏ పాపమూ చేయకుండానే పొయ్యిలోకి పోయింది. పుస్తకానికి రూపాయి ఇవ్వబోతే ఆవిడ తీసుకోలేదు.

"బందరు లడ్డు పట్టుకురా. పుస్తకమేంటి, పొలం రాసిస్తా."

తిరుగు దారిలో పిన్ని గారు అన్నారు. "చింపని పుస్తకం ఇక మస్తాన్‌బీ దగ్గరే ఉంటుంది. రేపు నువ్వు వస్తావని కబురు పెడతాను. నా నోటుబుక్కులోది చిత్తు, అచ్చు పేజీ చూసి రాసుకో."

మస్తాన్‌బీ గారిల్లు

శనివారం మధ్యాహ్నం పిన్ని గారింట్లో ముద్దపప్పు, గోంగూర పచ్చడి, గడ్డ పెరుగుతో కడుపు నిండా తిన్నాను. మూడింటికి ఆవిడ నన్ను వీధి మలుపు దాకా తీసుకొచ్చి, ఇల్లు చూపించి, "అయిదింటి బస్సుకు బస్టాండుకు వచ్చేసెయ్, నేను అక్కడికే వస్తా" అని వెళ్ళిపోయారు.

వాకిలి అప్పుడే నీళ్ళు చల్లినట్టుంది. బల్ల మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. పక్కన ఇత్తడి స్టవ్వులు బాగుకోసం వరుసగా ఉన్నాయి. మస్తాన్‌బీ గారికి యాభై ఉంటాయేమో. సన్నటి మనిషి, మాట నెమ్మది. నన్ను కూర్చోబెట్టి, క్యాలెండరు కాగితంలో చుట్టిన పుస్తకం తెచ్చి ఇచ్చారు. ఒక్క మరక లేదు.

"నాకు తెలుగు చదవడం రాదమ్మా. నా పేరు ఎక్కడుందో ఆ పేజీ మాత్రం తెలుసు" అన్నారు.

నేను పదిహేడో పేజీ చదివి వినిపించాను. మామిడికాయ చెక్కు తీసి ముక్కలు చేసి ఉడికించి, మెత్తగా మెదిపి, బెల్లం, నేతిలో వేయించిన రవ్వ వేసి... ఆమె చెయ్యెత్తి ఆపారు.

"ఉడికించాక?"

"మెత్తగా మెదిపి అని ఉందండి."

"అదే. ముక్కలు ఉడికిన మొదటి నీళ్ళు పారబోసి, మళ్ళీ మంచి నీళ్ళు పోయాలి. పులుపంతా ఆ మొదటి నీళ్ళలోనే పోతుంది. ఆ ముక్క పడలేదు." పుస్తకం అంచు వేలితో సర్దారు. "నేను చెబుతుండగా లోపల పాలు పొంగాయి, లేచి వెళ్ళొచ్చాను. అప్పుడు నేను చెప్పడం మరిచానో, సుభద్రమ్మ గారు రాయడం మరిచారో. ఎవరిదైతేనేం. ఇప్పుడు చెబితే సాకు అనుకుంటారు. ఒకసారి తింటే తెలిసిపోయేది కదమ్మా."

ఆ మాటలో కోపం లేదు. నేను తలవంచుకుని, ఆమె చెప్పినట్టు ఒక తెల్లకాగితం మీద మొత్తం రాసుకున్నాను. పెన్ను మళ్ళీ కారింది. ఆమె తడిగుడ్డ తెచ్చి ఇచ్చారు.

తర్వాత లోపలికి వెళ్ళి ఒక స్టీలు గిన్నె, చెంచా తెచ్చి బల్ల మీద పెట్టారు. లేత పసుపు రంగు పాయసం, పైన నెయ్యి తేలుతోంది. ఏలకుల వాసన వాకిలంతా వచ్చింది.

"గిన్నె కొత్తదమ్మా. ఇవాళే కాగితం విప్పాను. నెయ్యి కూడా సుభద్రమ్మ గారింటి పాలలోంచి తీసిందే. నిన్న కబురు రాగానే తోటలోంచి కాయలు తెప్పించాను."

నేను అడగని ప్రశ్నలకు ఆమె జవాబులు సిద్ధం చేసుకుని ఉన్నారు. తినమని అడగలేదు. చెంచా నా వైపు తిప్పారంతే.

మా ఇంట్లో నేను ఎక్కడికి వెళ్ళొచ్చినా, చేతిలో సంచీ అందుకునే ముందే అమ్మ ఒకటి అడుగుతుంది: "ఎవరింట్లో తిన్నావు?" చిన్నప్పటినుంచి విన్న ప్రశ్న. ఆ క్షణంలో నా చెవిలో పడింది అదే. పోనీ అమ్మ మీదకు తోసేద్దామా అంటే, అదొక్కటే కాదు. నా చెయ్యి కూడా ముందుకు వెళ్ళలేదు. మొన్న డైరీలో గీత గీసిన చెయ్యే.

"ఇవాళ శనివారం కదండీ. నాకు ఉపవాసం" అన్నాను.

ఎలా వచ్చిందో ఆ మాట. ఎవరితోనూ గబుక్కున మాట్లాడలేని నాకు అబద్ధం అంత అనాయాసంగా వచ్చింది.

"అయ్యో!" అని ఆమె చెంపలు వేసుకున్నారు. "వారం సంగతి నాకు తోచనే లేదు చూడండి. తెలిసుంటే ముందు పెట్టేదాన్నే కాదు. ఏమీ అనుకోకండమ్మా."

తప్పు నాది, మన్నించమని అడిగింది ఆమె. గిన్నె లోపలికి తీసుకెళ్ళి, ఈసారి రెండు అరటిపళ్ళు తెచ్చారు. "తొక్క ఉన్నవాటికి దోషం లేదు కదా?" లేదన్నాను. రెండూ తిన్నాను. కడుపులో గోంగూర పచ్చడి మీద అరటిపళ్ళు.

"పోనీ, రేపు తినొచ్చు కదా మీరు?" అన్నారు కాసేపటికి. "సుభద్రమ్మ గారు ఒక మాట చెప్పారు. తిన్నవాళ్ళు ఎవరైనా ఒక కార్డు రాసినా సంతకంగా తీసుకుంటారట. మీరు బందరు వాళ్ళు, పుస్తకాలు తెలిసినవాళ్ళు. మీ మాట వింటారు. ఆ పేజీ ఒక్కటే తీసేస్తే, ఊళ్ళో నలుగురూ..." అక్కడ ఆపేశారు.

"రాస్తానండీ" అన్నాను.

ఆమె పాయసం ఒక గాజు సీసాలో పోసి, మూత బిగించి, గుడ్డ కట్టారు. నేను వద్దంటున్నా చెప్పులు వేసుకుని, సీసా తానే పట్టుకుని బస్టాండు దాకా వచ్చారు.

బస్టాండు

సుభద్రమ్మ పిన్ని గారు మాకంటే ముందే వచ్చి ఉన్నారు. ఒక చేతిలో అమ్మకోసం మామిడి ఒరుగుల మూట, ఇంకో చేతిలో గోలీ సోడా.

"ఇదిగోనే, తాగు. మధ్యాహ్నం గోంగూర పచ్చడితో అంత అన్నం తిన్నావా, దారంతా దాహమేస్తుంది. మస్తాన్‌బీ, ఈ పిల్ల మాట్లాడదు గానీ అన్నం దగ్గర మొహమాటం లేదు సుమా! గడ్డ పెరుగు రెండుసార్లు వేయించుకుంది."

సోడా నా చేతిలోకి వచ్చింది. నేను తాగలేదు. మస్తాన్‌బీ గారు నా వంక చూశారు. తర్వాత తన చేతిలోని సీసా వంక చూశారు. గుడ్డ ముడి ఊడిపోయినట్టు మళ్ళీ గట్టిగా బిగించారు. ముడి ఊడలేదు.

"తినాలి మరి, ఈ వయసులో" అన్నారు పిన్ని గారితో.

బస్సు ముప్పావు గంట ఆలస్యంగా వచ్చింది. అంతసేపూ ముగ్గురం ఒకే బల్ల మీద కూర్చున్నాం. పిన్ని గారు తలుపులకు ఏ కర్ర మంచిదో మాట్లాడారు. మస్తాన్‌బీ గారు వేపకర్ర అన్నారు. సీసా అక్కడే ఉంచేసుకుంటారనుకున్నాను. అలా చేసి ఉంటే నాకు బాగుండేది. నేను ఎక్కి కూర్చున్నాక ఆమె కిటికీ దగ్గరకు వచ్చి, ఊచల సందులోంచి సీసా పట్టక, డ్రైవరు పక్క తలుపు దగ్గరికి వెళ్ళి లోపలి మనుషులతో చెయ్యి మార్పించి నా ఒళ్ళోకి చేర్పించారు. మళ్ళీ కిటికీ దగ్గరకు వచ్చారు. ఒక మాట అన్నారు. బస్సు కదిలింది.

బందరు

గుమ్మంలో అమ్మ అడిగింది, "ఎవరింట్లో తిన్నావు?" అని. "సుభద్రమ్మ పిన్ని గారింట్లో" అన్నాను. అరటిపళ్ళు లెక్కలో వేయకపోతే అది నిజమే. సీసాను పుస్తకాల పెట్టెలో, పదకొండు పుస్తకాల వెనక దాచాను.

ఆదివారమంతా అమ్మ ఇంట్లోనే ఉంది. సోమవారం మధ్యాహ్నం ఆమె పక్కింటికి వెళ్ళాక సీసా తీశాను. మూత తిప్పగానే బుస్సుమంది. ఏప్రిల్ ఎండలో రెండు రోజులు. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. పుల్లగా ఉంది. అది మామిడికాయ పులుపో, పాయసం పులిసిన పులుపో నాకు తెలియలేదు. మళ్ళీ పెట్టుకున్నాను, మళ్ళీ తెలియలేదు. ఆ రుచి ఎలాంటిదో తెలుసుకునే వీలు శనివారం మూడింటికి ఒకసారి ఉండింది, అంతే.

ఆమె చెప్పినట్టే వండుదామని బజారుకు వెళ్ళి కాయలు తెచ్చాను. మొదటి నీళ్ళు పారబోశాను. బాగానే వచ్చింది, అమ్మ కూడా తిని మెచ్చుకుంది, నేర్పింది ఎవరని అడిగింది. పుస్తకంలో ఉందన్నాను. కానీ అది నేను వండినది. ఆమె చేతిది కాదు.

కార్డు తీసుకుని "పాయసం చాలా బాగుంది" అని రాశాను. పోస్టు డబ్బా దాకా వెళ్ళి వెనక్కి వచ్చి చింపేశాను. అలా నాలుగు కార్డులు. ఒక్క అబద్ధపు కార్డు వేసి ఉంటే ఆ పేజీ నిలిచేదని ఇప్పుడు అనిపిస్తుంది. తినకుండా తప్పుకోవడానికి ఆడగలిగిన అబద్ధం, ఆమె పేరు కోసం ఆడలేకపోయాను. ఖాళీ సీసా కడిగి కిటికీలో పెట్టాను. దాన్ని ఇచ్చి రావడానికైనా వెళ్ళాలి అనుకుంటూనే మామిడి కాలం దాటిపోయింది.

పోయిన వారం పోస్టులో రెండో ముద్రణ వచ్చింది. మంచి కాగితం, కొత్త అట్ట. పిన్ని గారు లోపల చీటీ పెట్టారు: "తలుపులు వేపకర్రతోనే చేయించాం." పదిహేడో పేజీలో సొరకాయ హల్వా ఉంది.

పెట్టెలో ఇప్పుడు పదమూడు పుస్తకాలు. పెనుగొలను పుస్తకంలో పదహారుకూ పంతొమ్మిదికీ మధ్య, సిరా మరకలున్న నా చేతిరాత కాగితం పెట్టాను. కింద ఐదు సంతకాల చోటు అలాగే ఖాళీగా ఉంది.

నాలుగు కార్డులూ చింపించింది బస్సు కిటికీ దగ్గర ఆమె అన్న మాట. అన్నీ తెలిశాక, ఊచ మీద చెయ్యి వేసి, నా ముఖంలోకి చూస్తూ అన్నది:

"బాగుందని రాయకండమ్మా. ఎలా ఉందో అది రాయండి."